ఋణ గుర్తు

ఎర్ర పెంకుల అంచున ఇనుప గొట్టం,
గొట్టానికి మోటారు, మోటారుకి డిష్షు.
గొట్టం వెంట్రుకవాసి వాలినా ఆకాశమంతా వాలుతుందని
రసమట్టం ఆనించి నాలుగు వైపులా చూశాను.
కింద కిటికీలో నతేర్సియా, ఒళ్లో కీబోర్డు:
"ఉన్నావా? పడ్డావా?"
రెండు నిమిషాలకోసారి అదే ప్రశ్న.

ముప్పై ఒక్కేళ్లు ఓర్తా రేవు రేడియో గదిలో కూర్చున్న మనిషి.
తెరచాప పడవలు గాలిలో అరిచి చెప్పిన
అక్షాంశాల్నీ రేఖాంశాల్నీ
ఒక్క అంకె కొట్టివేత లేకుండా
నల్ల అట్ట పుస్తకాల్లోకి ఎక్కించింది.
పదకొండు భాషల్లో అంకెలొచ్చు ఆమెకి.
అంకెలు మాత్రమే.
అందుకే ఈ డిష్షు.
ఎక్కడెక్కడి బేరాల చానళ్లో పెట్టుకుని
కుక్కర్ల ధరలు, దుప్పట్ల ధరలు
వాళ్లతో పాటు పైకి చదువుతుందట.
నవ్వొచ్చింది గానీ నవ్వలేదు,
నిచ్చెన ఆమెది.

టీవీ కింద చిన్న పెట్టె, దాన్లో మీడియా సెంటర్.
ముందు అదడిగింది, మీరెక్కడున్నారు?
ముప్పై ఎనిమిదీ చిల్లర, కొట్టింది.
ఇరవై ఎనిమిదీ చిల్లర, కొట్టింది.
ఏ ఉపగ్రహం? పదమూడు డిగ్రీల తూర్పు.
మోటారు గొంతు సవరించుకుంది.
పీకో కొండ వైపు తిరగాల్సిన డిష్షు
కొండకి వీపు చూపించి
అటు, ఒట్టి సముద్రం మీదికి
మెల్లగా, మహా నమ్మకంగా తిరిగింది.

బలం అరవై ఎనిమిది.
నాణ్యత సున్నా.

కేబుల్ కొన విప్పాను. మళ్లీ బిగించాను.
రాగి తీగ పక్కన జడ పోగొకటి తాకుతోందేమోనని
నాలుకతో తడిమినంత పనీ చేశాను.
ఉప్పుగాలికి అప్పుడే బోల్టు మీద పసుపు పొడి.
మంచు దిగింది, కొండ పోయింది,
పాల కాఫీ వచ్చింది, చల్లారింది.
మోటారు కొన్నవాణ్ణి తిట్టాం, అమ్మినవాణ్ణి తిట్టాం.
కొన్నది ఆమేనని తర్వాత గుర్తొచ్చింది.

అప్పుడు కింద నుంచి చప్పుడు లేదు.
ఉన్నావా పడ్డావా కూడా లేదు.
కిటికీలోకి వంగి చూస్తే
తెర ముందు బొమ్మలా కూర్చునుంది.
"పశ్చిమం అని రాసే చోటే లేదు దీన్లో" అంది,
"చేత్తో రాసేటప్పుడు అంకె వెనకాలే
దానంతటదే వచ్చేసేది ఆ అక్షరం."

గోడ మీది పటంలో వేలు పెట్టి
అదే అక్షాంశం వెంట తూర్పుకి జరుపుకుంటూ పోయింది.
వేలాగిన చోట టర్కీ,
ఆలషెహిర్ అని ఒక ఊరు, ద్రాక్షతోటలకి పేరట.
పాపం, డిష్షుది తప్పేముంది.
ఆ తోటల్లో నిలబడి
ఆ ఊరి ఆకాశాన్ని
పొల్లుపోకుండా వెతికింది.

"ముందొక అడ్డగీత పెట్టాలి" అన్నాను, "ఋణ గుర్తు."
"అంటే పుట్టిన దగ్గర్నుంచీ మనం బాకీలో ఉన్నామా?"
"పటం లెక్కలో అంతే."
"ఎవరికి?"
నాకేం తెలుసు. పానా జేబులో పెట్టుకున్నాను.
గీత పెట్టింది, పెట్టి, గట్టిగా ఇంకోసారి నొక్కింది,
రెండు గీతలు పడితే ఒకటి చెరిపింది.

డిష్షు వెనక్కి బయల్దేరింది,
మంగలి కుర్చీలో ముసలాయన మెడలా
ఆగి, కిర్రుమని, ఆగి.
నాణ్యత: పన్నెండు. నలభై. డెబ్బై ఒకటి.
తెర మీద ఎవరో ఆడమనిషి పెనం పట్టుకుని
ఏదో భాషలో ధర చెప్పింది.
నతేర్సియా కూడా చెప్పింది,
ఆవిడకంటే అరక్షణం ముందే.

డబ్బులిస్తే వద్దన్నాను, మళ్లీ తీసుకున్నాను.

నిన్న రాత్రి రెండుంబావుకి
వాళ్లింటి మీద మోటారు కదలడం వినిపించింది.
ఏదో రికార్డింగు పెట్టుకుని పడుకున్నట్టుంది.
మంచులో పళ్లెం ఒక్కటే తిరుగుతోంది.
ఎదురింటి కుక్క కాసేపు మొరిగి
అది ఆగిన చోటికే మెడ తిప్పి
కూర్చుంది.